చూడకుండా చదివిన పేజీ

“తిండి మీద అలిగితే నీ కడుపే మాడుతుంది గానీ, జరిగింది జరగకుండా పోతుందటే?” అంది అమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడి.

చంటి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతోంది. నిన్న సాయంత్రం బడి హాల్లోంచి ఒంటరిగా నడిచి ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆమె నోట ఒక్క మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళు దగ్గర పడుతున్నా ఇంట్లో అందరికీ ‘చంటి’గానే మిగిలిపోయిన మనిషి. మామూలు రోజుల్లో ఆవిడ నోరు మూయించాలంటే నలుగురు కావాలి. అలాంటిది ఇంట్లో ఇప్పుడు కుళాయి చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఈ మౌనానికి మా షాపులో కూడా మందు లేదు అత్తయ్యా,” అన్నాడు బావ. మందుల షాపులో పని కాబట్టి ఆయన హాస్యమంతా సీసాల చుట్టూ, బిళ్ళల చుట్టూ తిరుగుతుంది. ఇవాళ మాత్రం తన మాటకి తనే నవ్వలేదు.

“కాసేపట్లో ఆ ఆఫీసరమ్మ ఇంటికొస్తానంది. ఆవిడ ముందు కూడా ఇలాగే మూగనోము పడతావా?” అంది అమ్మ మళ్ళీ.

చంటి గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది.

ముందు గదిలో అక్క ఉంది. ఆ సంగతి చంటికి తెలుసు. అక్క కుర్చీ లాగిన చప్పుడు, లేచిన చప్పుడు, మళ్ళీ కూర్చున్న చప్పుడు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. ముందు గదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. పొద్దుటి నుంచీ అక్క దాన్ని దాటలేకపోయింది.

నిన్నటి సంగతి తల్చుకుంటే చంటికి ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

పగలంతా పని చేసుకుని వచ్చే పెద్దవాళ్ళకి సాయంత్రం బడిలో ఆఫీసు భాష నేర్పుతుంది అక్క. ఆ భాషలో పరీక్ష ప్యాసైతే తప్ప మంచి ఉద్యోగాలు రావు. చంటి కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో అద్దాలు అరగదీస్తుంది. పరీక్ష ప్యాసైతే ముందు గదిలో కూర్చుని కళ్ళు పరీక్ష చేసే పని ఇస్తానన్నాడు యజమాని. చిక్కల్లా అక్షరాలతోనే. అవి ఆమె కళ్ళ ముందు కుదురుగా నిలబడవు. చిన్నప్పుడు చూపు లోపమనుకుని ఒకదాని తర్వాత ఒకటి కళ్ళజోళ్ళు మార్పించారు. చూపు బ్రహ్మాండంగా ఉందని తేలాక ‘మొద్దు’ అని పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు.

అప్పటి బళ్ళో వంతు చదువు ఉండేది. వరసగా ఒక్కొక్కరూ లేచి ఒక్కో పేరా పైకి చదవాలి. చంటి ముందున్న తలలు లెక్కబెట్టి, తన వంతుకి ఏ పేరా వస్తుందో చూసుకుని, పక్కపిల్లని బతిమాలి చెప్పించుకుని, వంతు వచ్చేలోపు దాన్ని నోటికి పట్టేసేది. ముందు వరసలో ఎవరికైనా జ్వరమొచ్చి బడికి రాకపోతే చంటి కొంప మునిగినట్టే.

అక్క క్లాసులో ఆ బాధ లేదు. పాఠాన్ని అక్క తన గొంతుతో చదివి, ముందురోజే అందరి ఫోన్లకీ పంపిస్తుంది. ఎవరినీ లేపి చదవమనదు. చదవాలనుకున్నవాళ్ళే చెయ్యెత్తుతారు. ఒక్కచోట కూర్చోలేని టాక్సీ డ్రైవరు గది వెనక అటూ ఇటూ నడుస్తూ పాఠం వింటాడు. చెవులు వినపడని బేకరీ ఆవిడ ముందు వరసలో కూర్చుని అక్క పెదాలు చూస్తుంది. అందుకే అక్క బోర్డు వైపు తిరిగి ఎప్పుడూ మాట్లాడదు. రాయడం అయ్యాకే ఇటు తిరిగి నోరు విప్పుతుంది. వాళ్ళూ, ఏ ఇబ్బందీ లేనివాళ్ళూ అందరూ ఒకే గదిలో. ‘వేగం చదువు కాదు’ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది కూడా.

పరీక్షలో ఇలాంటివాళ్ళకి ఎక్కువ సమయం, పాఠం చదివి వినిపించే మనిషి ఉండాలని అక్క అర్జీ పెట్టింది. అది చూడ్డానికే పరీక్షల ఆఫీసరమ్మ నిన్న వచ్చింది. హాలు నిండా జనం. ఈ క్లాసులో చదువు ఎంతవరకూ వచ్చిందో చదివి చూపించడానికి చంటి వేదికెక్కింది. ఎదురుగా స్టాండు మీద కాగితం. దాని మీద వేలు జరుపుతూ, ఎక్కడా ఆగకుండా, పార్సిలు పంపడం ఎలాగో గడగడా చదివేసింది.

కాగితం మీద ఉన్నది పార్సిలు సంగతి కాదు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో ఉంది. తెలిసిన పాఠమైతే పరీక్ష ఎలా అవుతుందని ఆఫీసరమ్మ మనిషి కాగితం మార్చాడు. అదే కాగితం ఆఫీసరమ్మ చేతిలోనూ ఉంది. ముందు ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. తర్వాత హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

ఆ నవ్వుని చంటి దిగమింగుకునేదే. నవ్వులు ఆమెకి కొత్త కాదు. కానీ ఆఫీసరమ్మ అక్క వైపు తిరిగి, “ఏమిటండీ ఇది?” అని అడిగినప్పుడు అక్క అన్న మాటే గొంతులో ముల్లులా దిగింది.

“నాకేం తెలీదండీ. తనే బట్టీ పట్టుకొచ్చినట్టుంది.”

ఇప్పుడు అక్క గుమ్మం దాటి వంటింట్లోకొచ్చింది. అమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. బావ పేపరు మడిచి, ఎటూ వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

“చంటీ, ఆ గిన్నె పక్కన పెట్టు.”

పెట్టలేదు.

“నీతో మాట్లాడాలి.”

“మాట్లాడు. నీకు మాటలకేం కరువు?” అంది చంటి.

“అమ్మయ్య,” అంది అమ్మ. ఆ మాట ఎంత చేదుగా ఉన్నా, మాట బయటికి రావడమే చాలనుకుంది పాపం.

“నేనెందుకలా చేశానో నీకు తెలుసు,” అంది అక్క.

“నాకు తెలిసింది వేరు. బట్టీ పట్టమన్నావు, పట్టాను. చూస్తే తడబడతావు, కాగితం వంక చూడొద్దన్నావు. చూడలేదు. అంతవరకూ తెలుసు. ఆ తర్వాత నువ్వన్న మాట ఎందుకన్నావో అదే తెలీదు. చెప్పు.”

“భయమేసిందే.”

“నాకూ వేసింది. అయినా నీ పేరెత్తానా?”

కుళాయి ఇంకా పారుతోంది. బావ వచ్చి దాన్ని కట్టేశాడు.

“నేను నెమ్మదిగా చదువుతాను,” అంది చంటి. “తప్పులు కూడా చదువుతాను. కానీ చదువుతాను అక్కా. ఇప్పుడు చదువుతాను! ఆ కాగితం వంక ఒక్కసారి చూసినా అది వేరే పాఠమని నాకు తెలిసేది. ఆ ‘లిఫ్టు’ అన్న మాట నేను రోజూ షాపుకెళ్తూ చదివేదే.”

“తెలుసు.”

“తెలిసీ చూడొద్దన్నావు.”

“రెండు వాక్యాలు చదవడానికి నీకెంతసేపు పడుతుందో నీకు తెలుసుగా? అంత పెద్ద హాలు. ఒకడు దగ్గుతాడు, ఒకడు గడియారం చూసుకుంటాడు. ఆవిడ ‘ఏడాదంతా నేర్పింది ఇంతేనా’ అనుకుంటుంది. అర్జీ బుట్టలో పడుతుంది.”

“అనుకోనీ. వేగం చదువు కాదని గోడ మీద రాసింది నేనా?”

“గోడ మీద రాయడం వేరు చంటీ.”

“ఏం వేరు?”

ఊళ్ళో వాళ్ళకి చెప్పే నీతి తన గుమ్మం దాకా వచ్చేసరికి ఎవరికైనా నోరు పెగలదు. పంతులమ్మ అయితే ఇంకా కష్టం.

“నీకు నీ పద్ధతి మీద నమ్మకం ఉంది,” అంది చంటి, ఈసారి మెల్లగా. “లేనిది నా మీదే.”

“అలా అనకే…”

“చిన్నప్పుడు వాళ్ళు మొద్దు అన్నారు. మొహం మీదే అన్నారు. నువ్వు అన్లేదు. చీర కట్టినట్టు నీటుగా కప్పిపెట్టి, పైన పార్సిలు పాఠం పెట్టావు. అంతే తేడా.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క అక్కడే ఉన్న పీట మీద కూలబడింది. అక్క ఏడుస్తుందేమోనని చంటి ఎదురుచూసింది. ఏడిస్తే తన కోపం సగం తగ్గుతుందని ఆమెకి తెలుసు. అక్క ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, క్లాసులో పాఠం మొదలుపెట్టేముందు ఊపిరి తీసుకున్నట్టు తీసుకుంది.

“ఇప్పుడొచ్చి ఆవిడ ఒక్కటే అడుగుతుంది. నాకు తెలుసా, తెలీదా అని. తెలుసని నువ్వంటే నా ఉద్యోగం పోతుంది. పోతే పోయింది, నేను ఇంకెక్కడైనా బతుకుతాను. కానీ నా జాగాలో ఎవరొస్తారు? మళ్ళీ ఆ వంతు చదువు పంతుళ్ళే వస్తారు. మొదటి రోజే డ్రైవరుని కూర్చోమని గద్దిస్తారు. బోర్డుకేసి తిరిగి పాఠం చెప్పేస్తారు. ఆ బేకరీ ఆవిడ ఏం చూసి నేర్చుకుంటుంది, వాళ్ళ వీపా?”

“అందుకని దొంగని నేనే అని ఒప్పుకోవాలి.”

“దొంగ అని ఎవరన్నారు? కంగారుపడి బట్టీ పట్టిందంటే ఎవరూ ఏమీ అనరు.”

“మరి నా పరీక్ష?”

“నీ పరీక్షకేం కాదు. నేను చూసుకుంటాగా.”

“నిజంగా?”

“నీ మీద ఒట్టు.”

బావ గొంతు సవరించుకున్నాడు. “ఒట్లెందుకిప్పుడు? దాన్ని అడిగేముందు, ముందు మొత్తం…”

“మీరు కాస్త ఊరుకుంటారా!” అంది అక్క.

బావ ఊరుకున్నాడు. ఊరుకోవడమే కాదు, పేపరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ ఆయన వెనకాలే చూసి, చూపు తిప్పుకుంది. చంటికి అప్పుడు అదేమీ వింతగా అనిపించలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య మామూలుగా నడిచేదే అనుకుంది.

ఆమె మనసు వేరేచోట ఉంది. చిన్నప్పుడు తనని మొద్దు అన్న పిల్ల జుట్టు పట్టుకుని బడి మెట్ల మీద ఈడ్చింది అక్కే. దానికి అక్క తిన్న దెబ్బలు తను తిన్నట్టే గుర్తు. బస్సు బోర్డులు, మందు సీసాల మీది మాటలు, ఆఖరికి తనకి వచ్చిన పెళ్ళి సంబంధాల ఉత్తరాలు కూడా చదివి వినిపించింది అక్కే. ఆ ఉత్తరాల్లో చెత్తవాటిని నవ్వుతూ చింపేసింది కూడా. చంటికి అక్షరం అంటే అక్క గొంతే. ఆ గొంతు ఒక్కసారి, ఒకే ఒక్కసారి అబద్ధమాడింది. భయంతో ఆడింది. దానికి జీవితాంతం శిక్ష వేస్తారా ఎవరైనా?

“సరే,” అంది చంటి.

అక్క ఆమె తడిచేతులు రెండూ పట్టుకుంది.

ఆఫీసరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, బడిలో కంటే ఇంట్లో ఇంకా పొడుగ్గా కనిపించింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. అమ్మ మర్యాదలు మొదలుపెట్టబోతే, “ఏమీ వద్దండీ, కాసిని మంచినీళ్ళు చాలు,” అంది. మంచి మనిషే. చెడ్డ మనిషి అయితే బాగుండేది, కోప్పడ్డానికి ఒక చోటు దొరికేది.

“నేను గద్దించడానికి రాలేదమ్మా. నిన్న హాల్లో జనం మధ్య అడగడం నాకూ బాగాలేదు. అందుకే ఇంటికొచ్చాను.”

“అసలు జరిగిందేమిటంటే మేడమ్,” అని అక్క అందుకుంది.

“మిమ్మల్ని కాదు. తనని అడుగుతున్నాను.”

గదిలో అందరూ చంటి వైపు తిరిగారు. బావ కూడా పెరట్లోంచి వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఇంట్లో ఎవరొచ్చినా చంటి తరఫున జవాబు చెప్పేది అక్కే. కాగితాలు చదివే పని కొద్దీ మొదలైన అలవాటు, చివరికి ఆకలేస్తోందా అన్న ప్రశ్నకి కూడా పాకింది. తన జవాబు తనే చెప్పాల్సి రావడం చంటికి కొత్తగా ఉంది.

“ఆ పాఠం బట్టీ పట్టింది నువ్వేనా?”

“నేనే.”

“ఎవరైనా పట్టమన్నారా?”

చంటి అక్క వైపు చూడలేదు. చూస్తే మాట తప్పుతానని భయం.

“మీ అక్కకి తెలుసా?” అని మళ్ళీ అడిగింది ఆఫీసరమ్మ.

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. అమ్మ కదల్లేదు.

“తెలీదు,” అంది చంటి. “నేనే. అందరి ముందూ తప్పులు చదివితే పరువు పోతుందని నేనే పట్టేశాను. అక్కకేం తెలీదు.”

ఆఫీసరమ్మ తల పంకించింది. ఆవిడ మొహంలో కోపం లేదు. జాలి ఉంది. ఆ జాలిని కూడా చంటి అక్క కోసం భరించింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దం వేలు కోసినప్పుడు పంటి బిగువున ఓర్చుకుంటుందే, అలాగే ఓర్చుకుంది. ఇక అయిపోయింది, పరీక్ష ఒక్కటీ మిగిలింది చాలనుకుంది.

“మంచిదమ్మా. ఒప్పుకున్నావు, అంతే చాలు. నువ్వు ఒప్పుకుంటావని మీ అక్క కూడా అంది.”

“ఎప్పుడు?” అంది చంటి.

“నిన్ననే. నేను కారెక్కుతుంటే వెనకాలే వచ్చి చాలాసేపు మాట్లాడింది. తను చెప్పినట్టే చేసేద్దాం. ఈసారి పరీక్షకి నీ పేరు తీసేస్తున్నాం. అంతకు మించి శిక్ష ఏమీ లేదు, భయపడకు.”

చంటికి మాటలు వినపడుతున్నాయి గానీ అర్థం వెనకబడి వస్తోంది. “నా పేరు తీసెయ్యమని అక్క చెప్పిందా?”

“నీ మీద కోపంతో కాదమ్మా. నీకు ఈ ఒత్తిడి మంచిది కాదంది. నిజమే కదా? ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా నచ్చింది. ఆ నడిచే డ్రైవరు, వినపడని ఆవిడ, నువ్వు, మీలాంటివాళ్ళకి వేరే గది ఇస్తాం. మిగతావాళ్ళతో పోటీ ఉండదు, ఎవరూ నవ్వరు. మీ అక్క మామూలు క్లాసు చూసుకుంటుంది.”

“మరి ఆ వేరే గదిలో ఎవరు చెబుతారు?”

“ఇంకా ఎవరూ దొరకలేదు. దొరకగానే మొదలుపెడతాం,” అంది ఆఫీసరమ్మ. అందరి మొహాలూ చూసి, కాస్త తడబడింది. “మీరంతా ఇంట్లో మాట్లాడుకునే ఉంటారనుకున్నానే?”

చంటి ఇప్పుడు అక్క వైపు తిరిగింది. అక్క ఒళ్ళో తన చేతుల్నే చూసుకుంటోంది. ఇందాక వంటింట్లో తన తడిచేతులు పట్టుకున్నవి ఆ చేతులే. అప్పటికే కారు దగ్గర మాట అయిపోయింది. పేరు కొట్టేయించాకే ఒట్టేసింది. డ్రైవరు ఏమైపోతాడు, బేకరీ ఆవిడ ఏమైపోతుంది అని అడిగేసరికే వాళ్ళని గది దాటించేసింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనేమో.

“అక్కా?”

“ఏదో ఒకటి వదులుకోకపోతే మొత్తం మూసేస్తామన్నారే,” అంది అక్క, తల ఎత్తకుండా. “వచ్చే ఏడాది మళ్ళీ నిన్ను…”

“బావా, నీకు తెలుసా?”

బావ కిటికీ వైపు తిరిగాడు. అన్ని జోకులూ దొరికే మనిషికి ఇవాళ ఒక్కటీ దొరకలేదు.

“అమ్మా?”

అసలు ఈ మాటలకి అమ్మ మొహంలో ఆశ్చర్యమే లేదని చంటి అప్పుడు గమనించింది. పొద్దుటి నుంచీ తినమని పోరింది, నోరు విప్పమని పోరింది. అన్నీ తెలిసే పోరింది.

“అది నీకు తల్లి తర్వాత తల్లే. నీ మంచికేగా చేసింది?” అంది అమ్మ.

చంటికి ఏడుపు రాలేదు. చిన్నప్పుడు వంతు చదువులో తన పేరా తప్పిపోయి, అందరూ తన వైపే చూస్తుంటే ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. తేడా ఏమిటంటే, అప్పుడు పక్కన అక్క ఉందన్న ధైర్యం ఉండేది. ఈ గదిలో ఉన్నవాళ్ళంతా తనవాళ్ళే. అందరికీ తెలిసిన సంగతి తనకొక్కదానికే చదివి వినిపించలేదు.

ఆఫీసరమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. “వస్తానమ్మా. మనసు కష్టపెట్టుకోకు,” అంటూ లేచింది. ఆవిడని సాగనంపడానికి అక్క కూడా లేచింది. బతుకుజీవుడా అన్నట్టుంది ఆ లేవడం.

“కూర్చోండి మేడమ్,” అంది చంటి.

“ఏమ్మా?”

“చంటీ, వద్దు,” అంది అక్క. ఇందాక వంటింట్లో చంటి ఎదురుచూసినా రాని ఏడుపు ఇప్పుడు అక్క గొంతులోకి వచ్చింది.

చంటి ఆ గొంతు విననట్టే ఆఫీసరమ్మకి కుర్చీ దగ్గరికి జరిపింది.

“ఇందాకటి ప్రశ్న మళ్ళీ అడగండి.”

“ఏ ప్రశ్న?”

“మా అక్కకి తెలుసా అన్నది.”